గ్రహాంతర జీవం: ఒక్క చర్చలో మూడు ప్రశ్నలు

భూమికి ఆవల జీవం ఉందా అన్న చర్చలో మూడు వేర్వేరు ప్రశ్నలు పెనవేసుకుపోయి ఉన్నాయి. సూక్ష్మజీవి స్థాయిలోనైనా జీవం మరెక్కడైనా పుట్టిందా అన్నది మొదటిది. అది ఎక్కడైనా బుద్ధిగల జాతిగా, యంత్రాలు చేసే నాగరికతగా ఎదిగిందా అన్నది రెండోది. అలాంటివారెవరైనా భూమికి వచ్చారా అన్నది మూడోది. మొదటిదాన్ని తేల్చడానికి రసాయన శాస్త్రం, భూగర్భ శాస్త్రం కావాలి. రెండోదానికి రేడియో టెలిస్కోపులు, సంభావ్యత లెక్కలు కావాలి. మూడోదానికి సాక్షుల మాటలు, రాడార్ రికార్డులు, అన్నిటికీ మించి ప్రయోగశాలలో పెట్టి చూడగల వస్తువు కావాలి.

మామూలు మాటల్లో ఈ మూడూ కలిసిపోతాయి. ఇన్ని కోట్ల నక్షత్రాలుండగా మనం ఒక్కళ్లమే ఎలా ఉంటామని మొదలైన వాదన, ఆకాశంలో కనబడిన ఫలానా వెలుగు వాళ్లదేనన్న చోటికి చేరుతుంది. మొదటి మాట నిజమైనా దానివల్ల రెండో మాటకు బలం రాదు. ఎగిరే పళ్లేల కథలు వట్టివని తేలినా, అంగారకుడి మట్టిలో సూక్ష్మజీవులు లేవని తేలినట్టు కాదు. చిక్కు సగం ఇక్కడే ఉంది. మిగతా సగం పరికరాలది. ఈ చర్చ చరిత్రలో పెద్ద వివాదాలు చాలావరకు పరికరం చూపు ఆగిపోయే అంచునే పుట్టాయి.

అంగారకుడి కాలువలు

లోకాలు అనేకమన్న మాట పాతదే. గ్రీకు పరమాణువాదులు డెమోక్రిటస్, ఎపిక్యూరస్ అలాగే అన్నారు. అరిస్టాటిల్ ఒప్పుకోలేదు. ఐరోపాలో చాలాకాలం ఆయన మాటే చెల్లింది. 1543లో కోపర్నికస్ గ్రంథం వచ్చాక వాదన మలుపు తిరిగింది. భూమి కూడా ఒక గ్రహమే అయితే మిగతా గ్రహాలు మాత్రం భూములు ఎందుకు కాకూడదన్న ప్రశ్న పుట్టింది. నక్షత్రాలన్నీ సూర్యుళ్లేనని, వాటి చుట్టూ లోకాలున్నాయని చెప్పిన జోర్డానో బ్రూనోను 1600లో రోమ్‌లో సజీవంగా దహనం చేశారు. ఆయన మీద మోపిన నేరాల్లో ఎక్కువ మతపరమైనవి, అనేక లోకాల మాట వాటిలో ఒకటి.

టెలిస్కోపుతో తేల్చే ప్రయత్నం 19వ శతాబ్దిలో జరిగింది. 1877లో ఇటలీ ఖగోళవేత్త షియాపరెల్లి అంగారకుడి మీద సన్నని గీతలు చూసి, వాటిని 'కెనాలి' అన్నాడు. ఇటాలియన్‌లో ఆ మాట సహజంగా ఏర్పడిన పాయకూ, మనిషి తవ్విన కాలువకూ కూడా వాడతారు. ఇంగ్లీషులోకి వెళ్లేసరికి రెండో అర్థమే మిగిలింది. అమెరికాలో పర్సివల్ లోవెల్ 1894లో అరిజోనాలోని ఫ్లాగ్‌స్టాఫ్‌లో సొంత వేధశాల కట్టించి, ఎండిపోతున్న గ్రహం మీద ధ్రువాల మంచునీటిని పొలాలకు తరలించే నాగరికత ఉందని ఏళ్లతరబడి వాదించాడు. పరిణామ సిద్ధాంతంలో డార్విన్‌కు సహచరుడైన ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్ 1907లో పుస్తకమే రాసి దాన్ని ఖండించాడు. అంత చలిలో, అంత పల్చని గాలిలో కాలువల్లో నీరు పారదన్నది ఆయన లెక్క.

అంతకుముందే 1903లో ఇంగ్లండ్‌లో మాండర్, ఇవాన్స్ ఒక చిన్న ప్రయోగం చేశారు. గ్రీనిచ్ బడి పిల్లలను తరగతి గదిలో కూర్చోబెట్టి, ఎదురుగా అంగారకుడి బొమ్మ పెట్టి, కనబడింది కనబడినట్టు గీయమన్నారు. బొమ్మలో విడివిడి చుక్కలు, మచ్చలే తప్ప కాలువలు లేవు. దగ్గర కూర్చున్నవాళ్లకు చుక్కలు చుక్కల్లాగే కనిపించాయి. మరీ దూరంలో ఉన్నవాళ్లకు ఏమీ తెలియలేదు. నడిమధ్య దూరంలో ఉన్న పిల్లలు మాత్రం చుక్కలను కలిపి తిన్నని గీతలు గీశారు. పిల్లలు అబద్ధమాడలేదు. స్పష్టంగా కనబడీ కనబడని చోట కన్ను తనకు తానే గీత గీసుకుంటుంది. 1965 జులైలో మారినర్ 4 పంపిన ఇరవైకి పైగా ఫొటోల్లో కాలువ ఒక్కటీ లేదు, చంద్రుడి మీదున్నలాంటి గుంతలే కనిపించాయి.

మట్టిలో జీవం: తేలని మూడు తగవులు

1976లో వైకింగ్ నౌకలు రెండు అంగారకుడి మీద దిగాయి. గిల్బర్ట్ లెవిన్ రూపొందించిన ప్రయోగంలో, రేడియోధార్మిక కార్బన్ కలిపిన పోషక ద్రవాన్ని చిటికెడు మట్టి మీద చుక్కలుగా వేశారు. మట్టిలో సూక్ష్మజీవులుంటే ఆ ద్రవాన్ని తిని, రేడియోధార్మిక వాయువు వదలాలి. వాయువు వచ్చింది. మట్టిని ముందే 160 డిగ్రీల దాకా వేడిచేసి మళ్లీ ద్రవం వేస్తే రాలేదు. వేడికి జీవి చస్తే జరగాల్సింది అదే. అయితే అదే నౌకలోని మరో పరికరానికి మట్టిలో సేంద్రియ పదార్థాలేవీ దొరకలేదు. శరీరమే లేని జీవి తిండి ఎలా తింటుందన్న ప్రశ్నతో శాస్త్రజ్ఞులు ఎక్కువమంది అది రసాయన చర్యేనని తీర్మానించారు.

2008లో ఫీనిక్స్ నౌక ధ్రువ ప్రాంతపు మట్టిలో పెర్‌క్లోరేట్ లవణాలను కనిపెట్టాక ఈ తగవు మళ్లీ తెరుచుకుంది. వేడి చేసినప్పుడు పెర్‌క్లోరేట్ సేంద్రియ పదార్థాలను కాల్చేస్తుంది. వైకింగ్ పరికరం వాటిని వెతికింది మట్టిని వేడిచేసే. అంటే వెతుకులాటే సాక్ష్యాన్ని నాశనం చేసి ఉండవచ్చు. అయితే ఈ కత్తికి రెండువైపులా పదునుంది. పెర్‌క్లోరేట్ వంటి తీవ్రమైన లవణాలు జీవి లేకుండానే వాయువును పుట్టించగలవు కూడా. లెవిన్ 2021లో చనిపోయేదాకా 1976లోనే జీవం దొరికిందన్న మాట మీద నిలబడ్డాడు.

రెండో తగవు అంటార్కిటికాలో 1984లో దొరికిన అంగారకుడి ఉల్క ఏఎల్‌హెచ్84001 మీద. 1996 ఆగస్టులో డేవిడ్ మెకే బృందం అందులో పురుగుల్లాంటి అతిసూక్ష్మ ఆకారాలు, మాగ్నటైట్ స్ఫటికాలు చూపి పురాతన జీవానికి ఆనవాళ్లు కావచ్చంది. అమెరికా అధ్యక్షుడు క్లింటన్ దాని మీద ప్రకటన చేశాడు. తర్వాతి ఏళ్లలో ఒక్కో ఆనవాలుకూ జీవంతో పనిలేని మార్గం కనుగొన్నారు. ఇవాళ ఆ వాదనను సమర్థించేవారు కొద్దిమందే. అయినా ఆ తగవువల్ల మేలే జరిగింది. ఏ ఆనవాలును జీవానిదిగా ఒప్పుకోవాలో, దేన్ని ఒప్పుకోకూడదో చెప్పే కొలతలు గట్టిపడ్డాయి.

మూడోది నడుస్తున్నది. అంగారకుడి మీది జెజెరో గుంతలో తిరుగుతున్న పర్సవరెన్స్ రోవర్ 2024 జులైలో ఒక పాత నదీపాయ అంచున చెయావా ఫాల్స్ అని పేరుపెట్టిన రాయిని చూసింది. దాని మీద చిరుతపులి మచ్చల్లాంటి వలయాలున్నాయి. 2025 సెప్టెంబరులో వెలువడిన పరిశోధనా పత్రం ప్రకారం ఆ మచ్చల్లో ఇనుము, ఫాస్ఫేటు కలిసిన వివియనైట్, ఇనుము, గంధకం కలిసిన గ్రెయిగైట్ ఉన్నట్టుంది. సేంద్రియ కార్బన్ కూడా ఉంది. భూమి మీద బురదలో ఈ ఖనిజాలు తరచూ సూక్ష్మజీవుల పనివల్ల ఏర్పడతాయి. వేడి, ఆమ్లం ఉన్నచోట జీవి లేకుండానూ ఏర్పడగలవు, కానీ ఈ రాయి అంత వేడికి గురైన జాడ కనిపించలేదు. ఇప్పటిదాకా అంగారకుడి మీద దొరికిన వాటిలో బలమైన ఆనవాలు ఇదేనని చెప్పవచ్చు. రుజువు అని మాత్రం దాన్ని పరిశీలించినవారే అనలేదు.

హైదరాబాద్ బెలూన్లు

జీవం భూమి మీద పుట్టలేదు, అంతరిక్షం నుంచి వచ్చిపడిందన్న వాదం కూడా ఈ చర్చలో ఒక పాయ. ఖగోళవేత్తలు ఫ్రెడ్ హోయల్, చంద్ర విక్రమసింఘే తోకచుక్కలే జీవబీజాలను మోసుకొచ్చాయన్నారు. దాన్ని పరీక్షించే పని హైదరాబాద్‌లో జరిగింది. జయంత్ నార్లీకర్ చొరవతో, ఇస్రో సాయంతో, టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్ కేంద్రం నుంచి 2001 జనవరిలో ఒకసారి, 2005 ఏప్రిల్‌లో మరోసారి బెలూన్లు ఎగిరాయి.

2005లో ఎగిరిన బెలూన్ 459 కిలోల పరికరాలను మోసుకెళ్లింది. వాటిలో శుద్ధిచేసి, లోపలి గాలంతా తీసేసిన 16 స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టాలున్నాయి. అవి ద్రవ నియాన్‌లో మునిగి ఉంటాయి. ఎత్తుకు చేరాక గొట్టం మూత తెరుచుకుంటే, లోపలి విపరీతమైన చలికి బయటి పల్చని గాలి దానంతటదే లోపలికి చేరి గడ్డకడుతుంది. 20 నుంచి 41 కిలోమీటర్ల మధ్య ఎత్తుల్లో ఇలా గాలి పట్టి, మూతలు బిగించి, పారాచూట్‌తో కిందికి దించారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, పుణెలోని కణ విజ్ఞాన కేంద్రం ఆ గాలిని విడివిడిగా పరీక్షించాయి. 12 బ్యాక్టీరియా, 6 శిలీంధ్రపు కాలనీలు పెరిగాయి. బ్యాక్టీరియాలో మూడు అంతకుముందు ఎవరూ ఎరుగని జాతులు. 2009లో వాటికి హోయల్, ఆర్యభట, ఇస్రోల పేర్లు పెట్టారు. దగ్గరి బంధుజాతుల కన్నా ఇవి అతినీలలోహిత కిరణాలను ఎక్కువగా తట్టుకుంటాయి.

ఇవి పైనుంచి దిగాయా, కిందినుంచి ఎగిరాయా? ఉష్ణమండలంలో మేఘాల కదలిక దాదాపు 17 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది, 41 కిలోమీటర్ల దాకా ధూళి చేరడం కష్టమని ఒకరి వాదన. అగ్నిపర్వతాలు, పెనుతుపానులు కొద్దిగానైనా మోసుకెళ్లగలవని మరొకరిది. నిర్ణయాత్మకమైన సంగతి జన్యువుల్లో ఉంది. ఈ జాతులు భూమి మీది బ్యాక్టీరియా వంశవృక్షంలోనే, తెలిసిన కుటుంబాల పక్కనే కూర్చుంటాయి. వేరే లోకంలో వేరుగా పుట్టిన జీవి అలా ఇమడదు. ఫలితాలు ప్రకటించినప్పుడు ఇస్రో కూడా ఇవి భూమికి ఆవలివని రుజువైనట్టు కాదని స్పష్టంగా రాసింది. ఆ నిగ్రహం మెచ్చుకోదగ్గది. అదే 2001లో కేరళలో కురిసిన ఎర్రవాన విషయంలో గ్రహాంతర కణాలన్న మాట పత్రికలకెక్కాక గానీ, ఎరుపుకు కారణం చెట్లను అంటిపెట్టుకుని పెరిగే ట్రెంటెపోలియా నాచు సిద్ధబీజాలన్న సంగతి చాలామందికి చేరలేదు.

జీవానికి కావలసిన ముడిసరుకు అంతరిక్షంలో ఉందన్న విషయంలో ఇప్పుడు తగవు లేదు. 1969లో ఆస్ట్రేలియాలో పడిన మర్చిసన్ ఉల్కలో అమైనో ఆమ్లాలు దొరికాయి. బెన్ను గ్రహశకలం నుంచి 2023లో తెచ్చిన మట్టిలో, భూమి మీది జీవులు వాడే 20 అమైనో ఆమ్లాల్లో 14, జన్యు అక్షరాలైన క్షారాలు ఐదూ ఉన్నట్టు 2025లో వెల్లడైంది. ఇటుకలున్నంత మాత్రాన ఇల్లున్నట్టు కాదు గానీ, ఇటుకలు అరుదన్న పాత సందేహం మాత్రం తీరింది.

దూరపు గ్రహాల గాలి

1995లో స్విట్జర్లండ్ శాస్త్రజ్ఞులు మేయర్, కెలోజ్ సూర్యుడివంటి నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహాన్ని తొలిసారి కనిపెట్టారు. 2025 సెప్టెంబరుకల్లా తెలిసిన పరాయి గ్రహాల సంఖ్య 6,000 చేరింది. గ్రహాలు అరుదన్న వాదం దాంతో పూర్తిగా పోయింది. ఇప్పటి వాదం ఆ గ్రహాల వాతావరణం గురించి. నక్షత్రం ముందునుంచి గ్రహం సాగిపోతున్నప్పుడు, గ్రహపు గాలిపొరను దాటివచ్చిన వెలుగులో ఏ రంగులు తగ్గాయో చూసి అక్కడి వాయువులను గుర్తిస్తారు.

124 కాంతి సంవత్సరాల దూరంలోని కె2-18బి గ్రహం మీద కేంబ్రిడ్జ్‌లోని నిక్కు మధుసూదన్ బృందం 2023లో, తిరిగి 2025 ఏప్రిల్‌లో జేమ్స్ వెబ్ టెలిస్కోపుతో డైమిథైల్ సల్ఫైడ్ జాడ చూసినట్టు ప్రకటించింది. భూమి మీద ఆ వాయువును ప్రధానంగా సముద్రపు నాచుజీవులు వదులుతాయి. సంకేతం బలం గణాంక భాషలో మూడు సిగ్మా. కొత్త ఆవిష్కరణ అనిపించుకోవాలంటే ఐదు కావాలి. ఇతర బృందాలు అదే సమాచారాన్ని వేరే పద్ధతిలో విశ్లేషిస్తే సంకేతం తగ్గిపోయింది, కొన్నిసార్లు మాయమైంది. ఆ వాయువు జీవమే లేని తోకచుక్కలో కూడా కనబడింది. శుక్రుడి మబ్బుల్లో ఫాస్ఫీన్ ఉందని 2020లో జేన్ గ్రీవ్స్ బృందం చేసిన ప్రకటనదీ దాదాపు ఇదే దారి. మొదట చెప్పిన మోతాదు పునఃపరిశీలనలో బాగా తగ్గింది, తగవు ఆగలేదు.

వీటికన్నా దగ్గరలో ఆశాజనకమైన చోట్లు బృహస్పతి చంద్రుడు యూరోపా, శని చంద్రుడు ఎన్సెలాడస్. మంచుపొర కింద సముద్రాలున్నాయి. ఎన్సెలాడస్ తన సముద్రపు నీటిని పగుళ్లలోంచి అంతరిక్షంలోకి చిమ్ముతోంది. కసిని నౌక పట్టిన ఆ మంచురేణువుల్లో ఫాస్ఫేట్లు కూడా ఉన్నాయని 2023లో తేలింది. 2024 అక్టోబరులో బయల్దేరిన యూరోపా క్లిప్పర్ 2030లో బృహస్పతిని చేరాలి.

బుద్ధిజీవులు: లెక్క, నిశ్శబ్దం

1959లో కొకోనీ, మారిసన్ ఇద్దరూ నక్షత్రాల మధ్య రేడియో సంభాషణ సాధ్యమేనని రాశారు. మరుసటి ఏడాదే ఫ్రాంక్ డ్రేక్ అమెరికాలోని గ్రీన్‌బ్యాంక్‌లో రెండు దగ్గరి నక్షత్రాల వైపు టెలిస్కోపు తిప్పి విన్నాడు. 1961లో అక్కడే జరిగిన చిన్న సమావేశానికి చర్చాంశాలుగా ఆయన రాసిన గుణకారమే డ్రేక్ సమీకరణం. ఏటా పుట్టే నక్షత్రాలు, వాటిలో గ్రహాలున్నవి, జీవం నిలవగల గ్రహాలు, జీవం పుట్టినవి, బుద్ధి వికసించినవి, సంకేతాలు పంపగలిగినవి, అలా పంపుతూ బతికే కాలం. మొదటి మూడింటికీ ఇప్పుడు కొలిచిన అంకెలో, దగ్గరి అంచనాలో ఉన్నాయి. మిగతా నాలుగింటికీ ఉన్న ఉదాహరణ భూమి ఒక్కటే. అందుకే ఆ సమీకరణంతో ఒకరు లక్షల నాగరికతలు లెక్కగడితే, మరొకరు సున్నాకు దిగుతారు.

దీనికి ఎదురుగా నిలిచే ప్రశ్న ఎన్రికో ఫెర్మీది. 1950లో లాస్ అలమాస్‌లో తోటి శాస్త్రజ్ఞులతో భోజనం చేస్తూ, మరి అందరూ ఎక్కడున్నారని ఆయన అడిగాడు. 1975లో మైకేల్ హార్ట్ దాన్ని వాదనగా మలిచాడు. కాంతి వేగంలో పదోవంతుతో సాగినా లక్ష కాంతి సంవత్సరాల పాలపుంతను దాటడానికి పది లక్షల ఏళ్లు చాలు. మజిలీ మజిలీకీ ఆగుతూ సాగినా కొన్ని కోట్ల ఏళ్లలో నిండిపోతుంది. పాలపుంత వయసు వెయ్యి కోట్ల ఏళ్లు పైనే. వాళ్లిక్కడ లేరు కాబట్టి వాళ్లెక్కడా లేరన్నది హార్ట్ తేల్చిన మాట.

దీనికొచ్చిన జవాబులు మూడు దారులు పట్టాయి. సూక్ష్మజీవి సులభం, జంతువు కష్టమన్నది 2000లో వార్డ్, బ్రౌన్లీ వినిపించిన వాదం. భూమి చరిత్ర దానికి కొంత ఊతమిస్తుంది. సూక్ష్మజీవుల జాడలు 350 కోట్ల ఏళ్లనాటివి, కానీ కేంద్రకమున్న కణం రావడానికి ఆ తర్వాత నూటయాభై కోట్ల ఏళ్లకు పైగా పట్టింది. నాగరికతలు ఎక్కువకాలం బతకవన్నది రెండో దారి. ఉన్నారు గానీ కావాలనే దూరంగా ఉంటున్నారన్నది మూడోది. 1973లో జాన్ బాల్ భూమిని అభయారణ్యంతో పోల్చి ఈ మాటన్నాడు. ఈ మూడోదాన్ని పరీక్షించే మార్గమేదీ లేదు, అందుకే దాని బరువు తక్కువ. 2018లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు మరో కోణం చూపారు. డ్రేక్ సమీకరణంలో ఒక్కో అంశానికి ఒక్కో అంకె బదులు మన అజ్ఞానమంతటినీ పెడితే, మనం ఒంటరివాళ్లం కావడానికి చెప్పుకోదగ్గ సంభావ్యత ఉందని తేలుతుంది. అప్పుడు ఫెర్మీ ప్రశ్నలో వింతేమీ మిగలదు.

నిశ్శబ్దం గురించి మాట్లాడేటప్పుడు ఎంత విన్నామో కూడా చెప్పుకోవాలి. వెతకాల్సిన దిక్కులు, పౌనఃపున్యాలు, కాలాలు అన్నీ కలిపి భూమి మీది సముద్రాలంత అనుకుంటే, 2018 నాటికి వెతికింది పెద్ద స్నానపు తొట్టెడు నీళ్లని జేసన్ రైట్ బృందం లెక్కకట్టింది. 1977 ఆగస్టు 15న ఒహాయోలో 72 సెకన్లపాటు వినబడిన 'వావ్' సంకేతం మళ్లీ వినిపించలేదు. 2019లో సూర్యుడికి అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ దిక్కునుంచి వచ్చినట్టు తోచిన సంకేతం భూమి మీది పరికరాలదేనని 2021లో తేలింది.

వచ్చారా: సాక్షులు, దస్తావేజులు

1947 జూన్ 24న అమెరికాలో కెనెత్ ఆర్నాల్డ్ అనే పైలట్ రేనియర్ పర్వతం దగ్గర తొమ్మిది మెరిసే వస్తువులను చూశాడు. నీటి మీద విసిరిన సాసర్ ఎగిరెగిరి పడ్డట్టు అవి కదిలాయన్నాడు. ఆయన చెప్పింది కదలిక గురించి. పత్రికలు దాన్ని ఆకారంగా రాశాయి. ఆ తర్వాత సాక్షులు చాలామంది సాసర్ ఆకారాలనే చూడసాగారు. ఈ ఒక్క సంగతి, చూసినవాళ్ల నిజాయితీని శంకించకుండానే, చూపు మీద మాట ప్రభావమెంతో చెబుతుంది.

రెండు వారాలకే న్యూమెక్సికోలోని రాస్వెల్ సైనిక స్థావరం ఎగిరే పళ్లెం దొరికిందని ప్రకటించి, మర్నాటికల్లా వాతావరణ బెలూన్ అని మార్చింది. సోవియట్ అణుపరీక్షల శబ్దాన్ని ఆకాశంలో పట్టే రహస్య 'మోగల్' బెలూన్ల శకలాలవని 1994లో వైమానిక దళం బయటపెట్టింది. అంటే ప్రభుత్వం ఏదో దాచిందన్న అనుమానం నిజమే. దాచింది వేరు. 1955 నుంచి 60 వేల అడుగులకు పైన ఎగిరిన యూ-2 గూఢచారి విమానాలూ అలాగే అనుమానాలకు తావిచ్చాయి. అధికారులు నిజం చెప్పలేక అతకని కారణాలు చెప్పినప్పుడల్లా నమ్మకం మరికొంత పోయింది.

వైమానిక దళం నడిపిన బ్లూబుక్ పథకం 1969లో ముగిసేనాటికి 12,618 నివేదికలు పోగయ్యాయి. 701 వివరణ లేకుండా మిగిలాయి. ఆ దళం కోరిక మీద వీటిని పరిశీలించిన కాండన్ సంఘం ఇక పరిశోధన అనవసరమంది. బ్లూబుక్‌కు సలహాదారుగా ఉండి, 1966లో మిషిగన్ వెలుగులను చిత్తడినేల వాయువు అన్న అలెన్ హైనెక్ ఆ ముగింపును ఒప్పుకోలేదు. శిక్షణ పొందిన సాక్షుల మాటలను తీసిపారేయడం శాస్త్రం కాదని, 1972లో దగ్గరి దర్శనాలకు వర్గీకరణ రూపొందించాడు.

ఆ 701 దగ్గరే వాదాలు చీలతాయి. సమాచారం చాలనివే మిగిలిపోతాయని సందేహవాదుల మాట. దీనికి ఎదురువాదం గట్టిదే. అదే వైమానిక దళం కోసం 1955లో జరిగిన గణాంక విశ్లేషణలో నాసిరకం నివేదికల కంటే నాణ్యమైన నివేదికల్లోనే వివరణ దొరకనివి ఎక్కువ శాతం ఉన్నాయి. మూడో వర్గానికి ప్రతినిధి జాక్ వాలే. ఫ్రెంచి ఖగోళశాస్త్రం నుంచి వచ్చిన ఈయన దర్శనాలను నిజమనే నమ్ముతూ, గ్రహాంతర యాత్ర అన్న వివరణను కాదంటాడు. ఒక గ్రహాన్ని సర్వే చేయడానికి అన్ని వేలసార్లు దిగనక్కర్లేదని, వచ్చినవారు మనిషి ఆకారంలో ఉండటం జీవశాస్త్రానికి అతకదని 1990లో రాశాడు. అయితే ఆయన బదులుగా చూపే వివరణలను పరీక్షించడం ఇంకా కష్టం.

2017 డిసెంబరులో అమెరికా నౌకాదళ వీడియోలు వార్తలకెక్కాక చర్చ కొత్త ఊపు అందుకుంది. 2004లో నిమిట్జ్ నౌక దగ్గర డేవిడ్ ఫ్రేవర్, మరికొందరు పైలట్లు కళ్లారా చూసిన తెల్లటి కోలాకారపు వస్తువు వీటన్నిట్లో బలమైన ఉదంతం. పలువురు సాక్షులున్నారు, రాడార్ కూడా పట్టిందన్నారు. ఆ రాడార్ రికార్డులు బయట లేవు. 2015 నాటి 'గోఫాస్ట్' వీడియో వేరేరకం. సముద్రాన్ని ఒరుసుకుంటూ ఏదో దూసుకుపోతున్నట్టు అందులో కనిపిస్తుంది. తెరమీది అంకెలతో నాసా సంఘం 2023లో త్రికోణమితి లెక్క చేసింది. చిత్రీకరించిన విమానం 25 వేల అడుగుల ఎత్తులో ఉంది. వస్తువు ఉన్నది సముద్రం మీద కాదు, దాదాపు 13 వేల అడుగుల ఎత్తులో. దాని సగటు వేగం గంటకు 40 మైళ్లు, గాలికి కొట్టుకుపోయే బెలూన్ వేగం. మిగతాదంతా విమానం తన వేగంతో పుట్టించిన భ్రమ. రైలు కిటికీలోంచి చూస్తే దగ్గరి చెట్లు దూరపు కొండల ముందు పరుగెత్తినట్టే ఇది.

2021లో అమెరికా గూఢచార విభాగం 144 నివేదికలు పరిశీలించి ఒక్కదాన్నే గాలి పోతున్న బెలూన్‌గా తేల్చగలిగింది. 2023 జులైలో డేవిడ్ గ్రష్ అనే మాజీ అధికారి, ప్రభుత్వం దగ్గర మనుషులవి కాని వాహనాలున్నాయని ఇతర అధికారులు తనకు చెప్పారని చట్టసభ ముందు ప్రమాణం చేసి అన్నాడు. ఇలాంటి నివేదికల కోసం అమెరికా రక్షణశాఖలోనే ఏర్పాటైన 'ఆరో' (AARO) కార్యాలయం 2024 మార్చిలో 1945 నుంచి ఉన్న దస్తావేజులు తిరగేసి, అలాంటి ఆధారం ఏదీ లేదంది. ఒకరికి ప్రమాణం మీద నమ్మకం, మరొకరికి దస్తావేజుల మీద. రెండింటిలో ఏదీ వస్తువు కాదు.

చేతికందిన రాయి, జారిపోయిన రాయి

శాస్త్రం పల్లెజనం సాక్ష్యాన్ని వెటకారం చేసి తప్పులో కాలేసిన సందర్భం ఒకటుంది. ఆకాశం నుంచి రాళ్లు పడతాయంటే 18వ శతాబ్దపు పండితులు చాలామంది నమ్మలేదు. 1803 ఏప్రిల్‌లో ఫ్రాన్సులోని లైగల్ దగ్గర వేల రాళ్లు కురిశాయి. జాన్ బాప్టిస్ట్ బియో వెళ్లి ఊరూరూ తిరిగి సాక్ష్యాలు రాసుకున్నాడు, రాళ్లు పడ్డ చోట్లను పటం గీశాడు, రాళ్లను పట్టుకొచ్చాడు. వివాదం ముగిసింది. యూఎఫ్‌ఓ సమర్థకులు ఈ ఉదాహరణను తరచూ చూపుతారు, చూపడం సబబే. అయితే బియోను గెలిపించినవి సాక్ష్యాలతో పాటు సంచిలో తెచ్చిన రాళ్లు.

ప్రాచీన వ్యోమగాముల వాదానిది బలహీనమైన స్థానం. 1968లో ఎరిక్ ఫాన్ డేనికెన్ పుస్తకం పిరమిడ్లను, నాస్కా గీతలను దేవతల్లాంటి యాత్రికులకు అంటగట్టింది. కట్టిన మనుషుల పనిముట్లు, కూలీల ఊళ్లు తవ్వకాల్లో బయటపడ్డాయి. మన దేశంలో ఇదే ధోరణి 'వైమానిక శాస్త్రం' చుట్టూ అల్లుకుంది. 1974లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చెందిన ఐదుగురు ఆచార్యులు ఆ గ్రంథం భాషను, బొమ్మలను పరిశీలించి, అది 1904కు ముందుది కాదని, అందులోని విమానాలు ఎగరలేవని తేల్చారు. పుష్పక విమానం కావ్యంలో గొప్ప ఊహ. దాన్ని యంత్రంగా నిరూపించబోతే కావ్యానికీ మేలు జరగదు, శాస్త్రానికీ జరగదు.

2017 అక్టోబరు 19న హవాయిలో కనిపెట్టిన ఔమువామువా, పరాయి నక్షత్రమండలం నుంచి వచ్చినట్టు నిర్ధారణైన తొలి వస్తువు. తోక లేకుండానే అది సూర్యుడి ఆకర్షణ లెక్కకు మించి కొద్దిగా వేగం పుంజుకుంది. సూర్యకాంతి తోసే పల్చని తెరచాప కావచ్చని హార్వర్డ్‌లోని అవీ లోబ్ అన్నాడు. మంచులో బందీ అయిన హైడ్రోజన్ బయటికి రావడమే ఆ తోపుకు కారణమని 2023లో మరో బృందం వివరించింది. రెండూ లెక్కకు సరిపోతాయి, రెండోదానికి కొత్త జాతిని ఊహించనక్కర్లేదు. వస్తువేమో అప్పటికే అందనంత దూరం వెళ్లిపోయింది. 2025 జులైలో కనబడిన మూడో అతిథి 3ఐ/అట్లాస్ మాత్రం ధూళి, వాయువు చిమ్ముతూ తోకచుక్కలాగే ప్రవర్తించింది.

ఇంకా తేలనివి

మూడు ప్రశ్నలూ ఒకే దూరంలో లేవు. సూక్ష్మజీవుల ప్రశ్నకు వెతకాల్సిన రాయి ఏదో తెలుసు, చేయాల్సిన పరీక్ష తెలుసు. బుద్ధిజీవుల ప్రశ్నలో వెతికింది తొట్టెడు, మిగిలింది సముద్రం. రాకపోకల ప్రశ్నలో ఎన్ని నివేదికలున్నా, స్వతంత్ర ప్రయోగశాలలు చేతులు మార్చుకుని పరీక్షించిన వస్తువు ఒక్కటీ లేదు. దూరాల లెక్క కూడా మూడోదానికి అనుకూలంగా లేదు. సెకనుకు 17 కిలోమీటర్లతో పోతున్న వాయేజర్ 1 వేగంతో ప్రాక్సిమా సెంటారీని చేరడానికి దాదాపు 75 వేల ఏళ్లు పడుతుంది. మనకన్నా కోటి ఏళ్లు ముందున్నవారికి అది అడ్డంకి కాకపోవచ్చన్నది హార్ట్ లెక్కే చెబుతుంది. వస్తే జాడ ఉండాలి కదా అన్నదీ అదే లెక్క.

జీవం పుట్టడం ఎంత సులభమన్నది వీటన్నిటికీ మూలంలో ఉన్న అంకె. భూమి మీద అది త్వరగా పుట్టిందని ఒకరు, ఒక్క ఉదాహరణతో త్వరగా అన్న మాటకు అర్థం లేదని మరొకరు. అంగారకుడి మీద వేరుగా పుట్టిన జీవం జాడ దొరికితే, ఒకే సూర్యుడి చుట్టూ రెండుసార్లు జరిగిందని తేలుతుంది. అప్పుడు పాలపుంతలో జీవం మామూలేనని అనవలసి వస్తుంది.

చెయావా ఫాల్స్ నుంచి తొలిచిన రాతి ముక్క, సఫైర్ కాన్యన్ అన్న పేరుతో, మూత బిగించిన లోహపు గొట్టంలో ఉంది. మచ్చల్లోని ఖనిజాలను జీవి చేసిందో, చేయలేదో చెప్పాలంటే ఐసోటోపుల నిష్పత్తులను భూమి మీది ప్రయోగశాలల్లో కొలవాలి. రోవర్ దగ్గర అంత పరికరం లేదు. నమూనాలను తెచ్చే పథకానికి 1,100 కోట్ల డాలర్లవుతుందని, 2040 దాకా పడుతుందని తేలాక 2024లో నాసా ఆ ప్రణాళికను ఆపి వేరే దారులు వెతకసాగింది. చైనా తన త్యాన్‌వెన్-3 నౌకను 2028లో పంపి, అంగారకుడి మీద మరో చోటు నుంచి 2031 ప్రాంతంలో మట్టి తేవాలనుకుంటోంది.